కరెంటు పెట్టించుకున్న పేగు అతుకుతుందా?

పేగు చివర క్యాన్సర్ గడ్డ ఉందని తేలాక డాక్టరు "ముందు రేడియేషన్, తరవాత ఆపరేషన్" అంటే ఇంట్లో మొదట పుట్టే అనుమానం ఒకటే. నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో రేడియేషన్‌ని ఇప్పటికీ చాలామంది 'కరెంటు పెట్టడం' అనే అంటారు. కరెంటు పెట్టిన చోట కోస్తే మానదు, కుట్లు నిలవవు అని పక్క మంచం వాళ్ళు చెబుతారు, చూడ్డానికి వచ్చిన చుట్టాలు చెబుతారు. ఈ మాటలో సగం నిజముంది. ఏ సగమో తెలియకే కొందరు రేడియేషన్ మధ్యలో ఇంటికి వెళ్ళిపోతారు. ఇంకొందరు పూర్తిగా పెట్టించుకుని, రక్తం పడటం ఆగిపోయింది కదా అని ఆపరేషన్‌కి రావడం మానేస్తారు. రెండో పొరపాటే ఎక్కువ ప్రమాదం.

ముందు ఒక సంగతి తేల్చుకోవాలి. పేగు క్యాన్సర్లన్నిటికీ రేడియేషన్ ఇవ్వరు. మలద్వారం నుంచి పైకి సుమారు పదిహేను సెంటీమీటర్లు, జానెడు కన్నా తక్కువే, ఉండే భాగాన్ని పురీషనాళం అంటారు. కటి ఎముకల మధ్య కదలకుండా కూర్చుని ఉంటుంది కాబట్టి కిరణాలను గురి చూసి పెట్టడానికి వీలవుతుంది. దాని పైనున్న పెద్దపేగులో గడ్డ వస్తే మామూలుగా నేరుగా ఆపరేషనే. పురీషనాళంలోనైనా గడ్డ గోడ దాటిందా, చుట్టూ ఉన్న కొవ్వులోకి, గ్రంథుల్లోకి పాకిందా అని ఎంఆర్ఐలో చూశాకే రేడియేషన్ మాట వస్తుంది. మన దగ్గర ఆ స్థితిలో వచ్చేవాళ్ళే ఎక్కువ కనిపిస్తారు. మలంలో రక్తం పడితే మొలలనుకుని, గోడల మీద బోర్డు చూసి, నెలల తరబడి పూత మందో నాటు కట్టో వాడి, చివరికి వేలు పెట్టి పరీక్ష చేసే డాక్టరు దగ్గరికి చేరేసరికి గడ్డ గోడ దాటేసి ఉంటుంది. ఆ వేలి పరీక్షకు పట్టేది నిమిషం.

రేడియేషన్ అసలు ఎందుకు తగిలించారంటే, ఆపరేషన్ ఒక్కటే చేసిన రోజుల్లో గడ్డ తీసేసిన చోటే మళ్ళీ పుట్టేది. 1997లో వెలువడిన స్వీడన్ అధ్యయనంలో ఆపరేషన్ మాత్రమే జరిగినవాళ్ళలో అయిదేళ్ళలో 27 శాతం మందికి అక్కడే తిరగబెట్టింది. ముందుగా అయిదు రోజులు, రోజుకు 5 గ్రే (గ్రే అంటే రేడియేషన్ మోతాదును కొలిచే ప్రమాణం) చొప్పున రేడియేషన్ పెట్టినవాళ్ళలో అది 11 శాతం. ఇంగ్లండ్‌లో బేసింగ్‌స్టోక్ సర్జన్ బిల్ హీల్డ్ 1982లో చెప్పిన పద్ధతి, అంటే పురీషనాళాన్ని చుట్టూ ఉన్న కొవ్వు పొరతో సహా చిరగకుండా తీయడం, అందరికీ అలవాటయ్యాక తిరగబెట్టడం దానంతటదే తగ్గింది. అయినా రేడియేషన్ లాభం పోలేదు. 2001లో నెదర్లాండ్స్ ఫలితాల్లో ఆ మంచి ఆపరేషన్ ఒక్కటే అయినవాళ్ళకు రెండేళ్ళలో 8.2 శాతం, ముందు రేడియేషన్ కూడా అయినవాళ్ళకు 2.4 శాతం తిరగబెట్టింది. కటి లోపల తిరగబెట్టిన గడ్డ నరాలను పట్టుకుంటుంది. ఆ నొప్పికి మందు దొరకడం కష్టం. చూసినవాళ్ళకు ఈ అంకెల బరువు తెలుస్తుంది.

సరే, పెట్టేదేదో ఆపరేషన్ అయ్యి, గాయం మానాక పెట్టొచ్చు కదా? మామూలు బుద్ధికి అదే సబబుగా తోస్తుంది. జర్మనీలో ఈ రెండు వరసలనూ పక్కపక్కన పెట్టి చూశారు. 2004లో వచ్చిన ఆ ఫలితాల్లో ముందే పెట్టినవాళ్ళలో తిరగబెట్టడం 6 శాతం, తరవాత పెట్టినవాళ్ళలో 13 శాతం. ఇక్కడ చెప్పుకోవాల్సింది ఇంకొకటి ఉంది. పేగును కలిపిన చోటు కాలక్రమంలో సన్నబడి బిగుసుకుపోవడం ముందు పెట్టినవాళ్ళలో 4 శాతం మందికి, తరవాత పెట్టినవాళ్ళలో 12 శాతం మందికి వచ్చింది. అతుకు ముందే పడి, దాని మీద కిరణాలు పడితే రెండు అంచులూ దెబ్బ తింటాయి. పైగా పురీషనాళం తీసేసిన ఖాళీలోకి చిన్నపేగులు జారి కూర్చుంటాయి, అనవసరంగా వాటికీ తగులుతుంది. గాయం మానడం కోసమే చూసినా ముందు పెట్టడమే మేలని తేలింది.

ఇక ఆ కిరణాలు కండకు ఏం చేస్తాయో చూద్దాం. కరెంటు అన్న మాట వల్ల కాలిపోవడమే గుర్తొస్తుంది గానీ లోపల వేడి పుట్టేదేమీ ఉండదు. కిరణాలు కణంలోని డీఎన్ఏ పోగులను తెంపుతాయి. తెగిన పోగులతో క్యాన్సర్ కణం రెండుగా చీలబోయి చచ్చిపోతుంది. మంచి కణాలకు తెగిన పోగును ముడివేసుకునే నేర్పు ఎక్కువ కాబట్టే మోతాదును రోజుకింత అని పంచి పెడతారు. అయితే ఎంత పంచినా చిన్న రక్తనాళాల లోపలి పొరకు, గాయంలో నార అల్లే కణాలకు దెబ్బ తగలక మానదు. ఏ గాయమైనా మానాలంటే కావలసినవి ఆ రెండే.

ఆ దెబ్బ ఒక్కసారిగా బయటపడదు, దానికో వరస ఉంది. మొదటి వారం, పది రోజుల్లో పైకి ఏమీ ఉండదు. తరవాత రెండు మూడు వారాలు ఆ ప్రాంతమంతా వాచి ఎర్రబడి ఉంటుంది. విరేచనాలు, బంక, మాటిమాటికీ వెళ్ళాలనిపించడం ఇప్పుడే. రెండు నెలల నాటికి ఆ వాపు చాలావరకు దిగుతుంది. అక్కడితో ఆగదు. నెలలు, ఏళ్ళు గడిచేకొద్దీ సన్న నాళాలు లోపల మందమై మూసుకుపోతాయి, మెత్తని కండ ఉన్నచోట గట్టి నార పేరుకుంటుంది. సముద్రం పక్క ఊళ్ళలో రొయ్యల గుంట పూడ్చి మళ్ళీ వరి నాటినవాళ్ళకు ఇది తేలిగ్గా అర్థమవుతుంది. మన్ను మన్నులాగే కనబడుతుంది, నారు మాత్రం వేరు పట్టదు. రేడియేషన్ అయిన కండ కూడా కొన్నేళ్ళకు అలా తయారవుతుంది. రెండు మూడు నెలల్లో ఇంకా అంత దూరం పోదు. ఆపరేషన్‌కి రోజు పెట్టేది ఈ సందులోనే.

పేగు అతుకు సంగతి చర్మం మీది కోతలాంటిది కాదు. పేగు గోడలో కుట్టును పట్టి ఉంచేది లోపలి నార పొర అని అమెరికన్ సర్జన్ హాల్‌స్టెడ్ 1887లోనే చూపించాడు. కుట్టాక మొదటి మూడు నాలుగు రోజులు శరీరం పాత నారను కరిగించుకుంటుంది, కొత్తది అప్పటికి ఇంకా అల్లుకోదు. ఆ రోజుల్లో అతుకును నిలబెట్టేది దారమో స్టేప్లరు పిన్నులో మాత్రమే. అతుకు విడి లోపలికి లీకు అయ్యేవి చాలావరకు అయిదో రోజు, ఏడో రోజు ప్రాంతంలో బయటపడేది అందుకే. జ్వరం, గుండె దడ, పొట్ట ఉబ్బరం. అప్పటికే ఇంటికి పంపించి ఉంటే 'గ్యాసు'లే అని తోసెయ్యకూడని లక్షణాలు ఇవి.

అతుకు పడాలంటే రెండు అంచులకూ రక్తం అందాలి. ఆపరేషన్‌లో పురీషనాళానికి వచ్చే పెద్ద ధమనిని మొదలంటా కట్టేస్తారు. అప్పుడు కిందికి దించిన పెద్దపేగు కొసకు రక్తం ఎక్కడో పైనున్న ధమని నుంచి, పేగు అంచు వెంబడి పారే సన్న నాళం గుండా రావాలి. సాగర్ కుడి కాల్వ కింద ప్రకాశం జిల్లా చివరి భూముల పరిస్థితే దానిది. పైన ఎక్కడ బిగించినా ఎండేది ఇదే. అందుకే అనుభవమున్న సర్జన్ రేడియేషన్ తగిలిన మెలిక పేగును, అంటే పురీషనాళానికి ఆనుకుని పైనుండే భాగాన్ని, గడ్డతోపాటే తీసేసి, ప్లీహం దగ్గర అతుక్కుని ఉన్న పేగును విడదీసి, కిరణాలు తగలని భాగాన్ని లాగుడు లేకుండా కిందికి దించుతాడు. ఇప్పుడు కొన్నిచోట్ల ఆకుపచ్చగా వెలిగే రంగును నరంలోకి ఎక్కించి, రక్తం అందుతోందో లేదో కెమెరాలో చూసి మరీ కలుపుతున్నారు. కిందున్న అంచుకు ఎలాగూ కిరణాలు తగిలే ఉంటాయి. పై అంచయినా తాజాగా ఉంటే అతుకు పడే అవకాశం చాలా మెరుగు.

అందువల్లేనేమో, నెదర్లాండ్స్ అధ్యయనంలో లీకు అయినవాళ్ళు రేడియేషన్ ఉన్నా లేకపోయినా దాదాపు సమానమే, 11, 12 శాతం. దీన్ని చూసి అతుకు మీద రేడియేషన్ ప్రభావమే లేదనుకోవడం తొందరపాటు. అక్కడ అయిదు రోజుల రేడియేషన్ పెట్టి, వాపు ఎక్కకముందే ఆపరేషన్ చేసేశారు. రేడియేషన్‌ను మాత్రలతో కలిపి అయిదారు వారాలు పెట్టే పద్ధతి ఇంకొకటి ఉంది. అలా పెట్టి, ఆగి, మలద్వారానికి రెండు మూడు వేళ్ళ ఎత్తులో కలిపిన అతుకుకు అదే లెక్క పట్టదు. అంత కిందికి కలిపినప్పుడు రేడియేషన్ లేకపోయినా లీకు భయం ఎక్కువే.

దానికి సర్జన్లు పట్టుకున్న ఉపాయం పొట్ట మీద తాత్కాలిక సంచి. చిన్నపేగు చివరి భాగాన్ని పొట్ట మీదికి తెచ్చి మలాన్ని అటు మళ్ళిస్తారు, కింది అతుకుకు రెండు మూడు నెలల విశ్రాంతి. 2007లో స్వీడన్‌లో 234 మంది మీద చేసిన అధ్యయనంలో సంచి లేనివాళ్ళలో 28 శాతం మందికి, ఉన్నవాళ్ళలో 10.3 శాతం మందికి లీకు లక్షణాలు కనిపించాయి. మన దగ్గర 'సంచి పెడతారు' అన్న మాట వినే ఆపరేషన్ వద్దనేవాళ్ళున్నారు. శాశ్వతంగా పెట్టే సంచి వేరు, అతుకును కాపాడటానికి పెట్టే ఈ సంచి వేరు. ఈ తేడాను కాగితం మీద బొమ్మ గీసి చెబితే సగం భయం పోతుంది. అయితే తాత్కాలికమని పెట్టినవన్నీ మూసెయ్యగలుగుతారని హామీ ఏమీ లేదు. అతుకు సన్నబడినా, జబ్బు తిరగబెట్టినా కొందరికి అలాగే ఉండిపోతుంది. ఆ ముక్క కూడా ముందే చెప్పాలి.

మాట నిజమైన సగం మరోచోట ఉంది. గడ్డ మలద్వారపు కండరాన్నే పట్టినప్పుడు పురీషనాళం, మలద్వారం మొత్తం తీసేసి కింద కుట్టేస్తారు. ఆ పిరుదుల మధ్య గాయమే రేడియేషన్‌కు అసలు మూల్యం చెల్లిస్తుంది. నెదర్లాండ్స్ లెక్కల్లోనే ఆ గాయం సరిగా మాననివాళ్ళు రేడియేషన్ లేకపోతే 18 శాతం, ఉంటే 29 శాతం. కారణం వెతకనక్కర్లేదు. లోపల ఎముకల మధ్య పెద్ద ఖాళీ, దాన్ని పూడ్చే కండ లేదు, నీరు చేరుతుంది. పైన కుట్టిన చర్మానికీ కిరణాలు తగిలాయి. దాని మీదే కూర్చోవాలి, ఎప్పుడూ తడి. ఇది విచ్చుకుంటే నెలలు పడుతుంది. గాయం మానక తరవాత ఇవ్వాల్సిన కీమో (క్యాన్సర్ మందులు) వెనక్కి జరుగుతుంది. పెద్ద ఖాళీ మిగిలేలా ఉంటే పొట్ట నుంచో తొడ నుంచో పిరుదు నుంచో కిరణాలు తగలని కండను రక్తనాళంతో సహా తిప్పి తెచ్చి పూడ్చడం మంచి దారి. పక్క పొలం నుంచి మంచి మన్ను తెచ్చి పోసినట్టే. దానికి ప్లాస్టిక్ సర్జన్ కూడా ఉండాలి. ఆపరేషన్ ఎక్కడ చేయించుకోవాలో తేల్చుకునేటప్పుడు అడగాల్సిన ప్రశ్న ఇది.

రేడియేషన్‌కీ ఆపరేషన్‌కీ మధ్య గడువు ఎంత ఉండాలన్నదే ఇప్పుడు ఎక్కువ చర్చ. అయిదు రోజుల పద్ధతిలో వెంటనే ఆపరేషన్ చేయాలంటే వారంలోపే చెయ్యాలి. కాస్త ఆలస్యమై రెండో మూడో వారంలో పడితే సరిగ్గా వాపు ఉధృతంగా ఉన్నప్పుడు కత్తి పెట్టినట్టవుతుంది. స్వీడన్‌లోని స్టాక్‌హోమ్ పేరుతో వరసగా జరిగిన అధ్యయనాల్లో మూడోది 2017లో చెప్పిందేమిటంటే, అయిదు రోజుల రేడియేషన్ తరవాత వెంటనే కోసినవాళ్ళలో 53 శాతం మందికి ఏదో ఒక చిక్కు వచ్చింది, నాలుగు నుంచి ఎనిమిది వారాలు ఆగి కోసినవాళ్ళలో 41 శాతం మందికి. జబ్బు అదుపులో మాత్రం తేడా లేదు. ఆగడం మంచిదైతే ఇంకా ఎక్కువ ఆగితే? ఫ్రాన్స్‌లో అయిదు వారాల పద్ధతి తరవాత ఏడు వారాలు, పదకొండు వారాలు ఆగి పోల్చారు. గడ్డ పూర్తిగా కరగడం పెరగలేదు, చిక్కులు మాత్రం 32 శాతం నుంచి పెరిగి 44 శాతం దాటాయి. నార గట్టిపడటం మొదలై పొరలు విడదీయడం కష్టమైంది. కరెంటు పెట్టించుకుని పొగాకు వేలం అయ్యాక వస్తాం, పెళ్ళి అయ్యాక వస్తాం అని ఆపరేషన్‌ను జరిపేవాళ్ళకు ఈ ఒక్క లెక్క చెప్పినా చాలు.

రెండు పద్ధతుల్లో ఏది అన్నదానికి గడ్డ ఒక్కటే లెక్క కాకపోవచ్చు, దూరమూ లెక్కే. ఎక్కువ కాలపు పద్ధతిలో వారానికి అయిదు రోజుల చొప్పున 25 నుంచి 28 సార్లు, మొత్తం 45 నుంచి 50 గ్రే, తోడుగా కేపెసిటబిన్ అనే క్యాన్సర్ మాత్రలు. ఉదయగిరి నుంచి నెల్లూరుకే వంద కిలోమీటర్లకు దగ్గరగా ఉంటుంది. రోజూ వచ్చిపోవడం కుదరదు. కావలి, ఒంగోలు వైపు నుంచి పినాకిని ఎక్కి చెన్నై వెళ్ళేవాళ్ళకు అయిదారు వారాలు అద్దె గది, తోడు ఒక మనిషి, ఆ మనిషి కూలి పోవడం. వైద్యం ఖర్చును ప్రభుత్వ పథకం భరించినా గది అద్దె, తిండి ఖర్చు భరించదు. మధ్యలో అయిదు రోజులు ఎగ్గొట్టిన అయిదు వారాల కన్నా పూర్తిగా పెట్టించుకున్న అయిదు రోజులు మేలు అనిపించే సందర్భాలు తక్కువేమీ కాదు. గడ్డ బాగా కుంచించాల్సిన అవసరం ఉంటే అయిదు రోజుల తరవాత కొన్ని నెలలు కీమో ఇచ్చి అప్పుడు కోసే పద్ధతీ వచ్చింది. ఇంటి దూరం ఎంతో డాక్టరుకు చెప్పడం నామోషీ అనుకోకూడదు.

ఆ మధ్య వారాలు ఖాళీ రోజులు అనుకుంటారు గానీ, గాయం ఎలా మానుతుందన్నది చాలావరకు అప్పుడే తేలుతుంది. గడ్డ నుంచి నెలల తరబడి రక్తం పోయి మనిషి పాలిపోయి ఉంటాడు. మాత్రలు పట్టకపోతే నరంలోకి ఇనుము ఎక్కించి రక్తం పెంచడానికి ఆరేడు వారాలు సరిపోతాయి. షుగరు అదుపులోకి తేవడానికీ అంతే. పొగాకు పండే నేల ఇది. బీడీ, చుట్ట మానమంటే నవ్వేస్తారు. కానీ పొగ రక్తనాళాన్ని బిగిస్తుంది, రక్తంలో ప్రాణవాయువు చోటును పొగలోని కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు ఆక్రమిస్తుంది. ఇప్పటికే చివరి భూమి లాంటి పేగుకు పైన ఇంకో తూము మూసినట్టు. నాలుగు వారాల ముందు మానినా గాయానికి తేడా తెలుస్తుంది.

తిండి విషయంలో మన పథ్యం చేసే హాని ఇంతా అంతా కాదు. పప్పు తింటే చీము పడుతుంది, గుడ్డు వేడి, చేప నీచు అని కారప్పొడీ చారన్నంతో సరిపెడతారు. గాయంలో నార అల్లుకునేదే మాంసకృత్తులతో. రక్తంలో ఆల్బుమిన్ అనే మాంసకృత్తి డెసిలీటరుకు 3.5 గ్రాముల కన్నా కిందికి జారినవాళ్ళకు అతుకు విడిపోయే ప్రమాదం ఎక్కువ. విరేచనాలవుతున్న రోజుల్లో ఆకుకూరలు, తొక్కలున్న గింజలు తగ్గించి, మెత్తని అన్నం, తేరిన పప్పు, ఉడికించిన గుడ్డు, ముళ్ళు తీసిన చేప కొంచెం కొంచెంగా అయిదారుసార్లు పెడితే చాలు. కారం తగ్గించిన చేపల పులుసు నెల్లూరు ఇంట్లో దొరకని పదార్థమేమీ కాదు.

సంచి ఉన్నవాళ్ళకు ఇక్కడి ఎండాకాలం ప్రత్యేకమైన పరీక్ష. చిన్నపేగు సంచిలోకి నీళ్ళతోపాటు ఉప్పు కూడా పోతుంది. రోహిణి కార్తెలో చెమట రూపంలో ఇంకా పోతుంది. దాహమని మంచినీళ్ళే తాగుతూ పోతే ఉప్పు మరింత పలచబడి సంచిలోకి ఇంకా ఎక్కువ కారుతుంది. కొబ్బరినీళ్ళు మంచివని పట్టిస్తారు, వాటిలో పొటాషియం ఎక్కువ, కావలసిన సోడియం తక్కువ. ఓఆర్ఎస్, ఉప్పు వేసిన గంజి, ఉప్పు మజ్జిగ అందుకు తగినవి. రోజుకు లీటరున్నర దాటి సంచి నిండుతుంటే, మూత్రం తగ్గితే ఆగకుండా ఆసుపత్రికి రావాలి. అతుకు చక్కగా మాని, మనిషి మాత్రం కిడ్నీలు దెబ్బతిని చేరిన సందర్భాలు ఇలా వచ్చేవే.

సంచి మూసేశాక కూడా పాత పేగు తిరిగి రాదు. నిలవ చేసుకునే పురీషనాళం పోయింది, మిగిలిన ముక్క సాగే గుణం రేడియేషన్‌తో తగ్గింది. రోజుకు ఆరేడుసార్లు, ఒకదాని వెంట ఒకటి, ఆపుకోలేకపోవడం. మొదటి ఏడాది బస్సెక్కాలంటే జంకు. కాలంతో కొంత సర్దుకుంటుంది, పూర్తిగా పోకపోవచ్చు. దీన్ని ముందే తూచి, అవసరం లేనివాళ్ళకు రేడియేషన్ తప్పించే ప్రయత్నాలు సాగుతున్నాయి. మధ్యస్థంగా ముదిరిన కొన్ని గడ్డలకు ముందు కీమో ఇచ్చి, అవి బాగా తగ్గితే రేడియేషన్ లేకుండానే ఆపరేషన్ చేయవచ్చని 2023లో అమెరికా నుంచి వచ్చిన ఫలితాలు చూపించాయి. మరోవైపు బ్రెజిల్ సర్జన్ ఏంజెలిటా హబ్ర్-గామా 2004లో ప్రచురించిన అనుభవంతో, గడ్డ పూర్తిగా కరిగిపోయినవాళ్ళను కొయ్యకుండా కనిపెట్టుకుని ఉండే పద్ధతి ఊపందుకుంది. దానికి ఎంఆర్ఐ, గొట్టం పరీక్ష నెలల తేడాతో ఏళ్ళ తరబడి చేయించుకోవాలి. రక్తం ఆగింది కదా అని ఇంట్లో కూర్చోవడం ఆ పద్ధతి కిందికి రాదు.

వీటన్నిటికన్నా కష్టమైన పేగు ఒకటుంది. పదేళ్ళ కిందటో ఇరవయ్యేళ్ళ కిందటో గర్భసంచి ముఖద్వారం క్యాన్సర్‌కు కరెంటు పెట్టించుకుని బాగుపడిన ఆడవాళ్ళు ఈ జిల్లాల పల్లెల్లో చాలామందే ఉన్నారు. ఆ కిరణాలు పక్కనే ఉన్న పురీషనాళానికి, చిన్నపేగుకు కూడా తగిలి ఉంటాయి. అప్పటి రొయ్యల గుంట ఇప్పటికి పూర్తిగా ఉప్పుబారింది. వాళ్ళకు ఇప్పుడు పేగు అడ్డుపడో, కొత్తగా గడ్డ వచ్చో పొట్ట తెరవాల్సి వస్తే, 'కరెంటు పెట్టిన చోట కోస్తే మానదు' అన్న మాట దాదాపు పూర్తిగా వర్తిస్తుంది. పాలిపోయి, గట్టిపడి, ఒకదానికొకటి అంటుకుపోయిన పేగుల్లో రెండు దెబ్బతిన్న అంచులను కలిపితే విడిపోతాయి. కలిపేటప్పుడు ఒక అంచయినా దూరం నుంచి తెచ్చిన మంచి పేగు అయి ఉండాలి. అది కుదరకపోతే కలపకుండా సంచితో ముగించడమే క్షేమం. ఇలాంటివాళ్ళు రక్తం పడుతోందని వస్తే పురీషనాళంలో తొందరపడి ముక్క కూడా తీయకూడదు, ఆ చిన్న పుండే మానక రంధ్రం పడవచ్చు.

సర్జన్ ఇదంతా తేల్చుకోవాలంటే ఆనాడు ఎన్ని గ్రే పెట్టారు, లోపలి నుంచి కూడా పెట్టారా, ఏ ఏడు అన్నది తెలియాలి. అది రాసి ఉన్న డిశ్చార్జి కాగితం చాలా ఇళ్ళలో 'నయమైపోయింది కదా' అని ఎప్పుడో పోయి ఉంటుంది. ఇప్పుడు కరెంటు పెట్టించుకుంటున్నవాళ్ళు మాత్రం ఆ ఒక్క కాగితాన్ని రేషను కార్డు, పట్టాదారు పాసుపుస్తకం ఉన్న ప్లాస్టిక్ కవరులోనే దాచుకోవచ్చు.